విలియమ్స్ ముందే ఎందుకు చనిపోయాడు?

చిరంజీవికి,

ఆశీస్సులు. పాత కుంగ్‌ఫూ చిత్రాలలో అన్ని జాతులవారికీ చోటు దొరికిందంటూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. అయితే బ్రూస్‌లీ కథానాయకుడైన ‘ఎంటర్ ద డ్రాగన్’లో చైనీయుడు, నల్లజాతివాడు, తెల్లవాడు ముగ్గురూ సమానంగా నిలిచారని నువ్వు తేల్చేసిన చోట నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం ఆ కోపంతోనే రాస్తున్నాను.

1973లో వచ్చిన ఆ చిత్రంలో విలియమ్స్‌గా నటించిన జిమ్ కెల్లీ నిజజీవితంలోనూ కరాటే విజేత. అమెరికాలో పోలీసులు అడ్డగించి వేధిస్తే వాళ్లను కొట్టి, వాళ్ల కారులోనే వెళ్లిపోయే మనిషిగా విలియమ్స్ మనకు పరిచయమవుతాడు. హాంకాంగ్ రేవులో పడవల మీద బతికే పేదలను చూసి, మురికివాడలు లోకమంతా ఒక్కలాగే ఉంటాయని చెప్పేదీ అతడే. అంత చూపున్న మనిషిని ప్రతినాయకుడు హాన్ తన ఇనుప చేతితో కొట్టి చంపుతాడు. గొలుసులకు వేలాడుతున్న ఆ శవాన్ని తెల్లవాడైన రోపర్‌కు చూపించి అతడిని లొంగదీసుకోవాలని చూస్తాడు. రోపర్ చివరిదాకా బతుకుతాడు. నటి ఏంజెలా మావో సంగతి ఇంకా బాధాకరం. అంతకు ముందు ఏడాదే ‘హాప్‌కిడో’ చిత్రంలో కథను తన భుజాల మీద మోసిన ఆమె, ఇక్కడ ఒక్క గతస్మృతిలో కనిపించి, వీరోచితంగా పోరాడి, గాజుముక్కతో ప్రాణం తీసుకుంటుంది, ఆ చావు అన్నగారైన బ్రూస్‌లీ పాత్ర పగకు కారణంగా పనికొస్తుంది. తెరమీద ఎవరెవరున్నారో లెక్కపెట్టడం సులువు. ఎవరి పోరాటాన్ని పూర్తిగా సాగనిచ్చారు, ఎవరి చావును ఎవరి కోసం వాడుకున్నారు అన్నది చూడనంతకాలం నువ్వు రాసేది హాజరుపట్టీయే అవుతుంది.

1966 నాటి ‘కమ్ డ్రింక్ విత్ మీ’ని నువ్వు ఒక్క ముక్కలో మెచ్చుకుని వదిలేశావు. నృత్యం నేర్చిన నటి చెంగ్ పెయ్‌పెయ్, సత్రంలో దొంగల ముఠాను దాదాపు కూర్చున్నచోటనే ఎదుర్కొనే ఘట్టానికి దర్శకుడు కింగ్ హూ ఎంత వ్యవధి ఇచ్చాడో గమనించు. అదే చిత్రంలో ఆఖరి పోరు మగవాడి చేతికి ఎందుకు వెళ్లిందో కూడా అడుగు.

‘మాస్టర్ ఆఫ్ ద ఫ్లయింగ్ గిలటిన్’ను నువ్వు తలవనే లేదు. 1976 నాటి ఆ చిత్రంలో చేతులు బారలకొద్దీ సాగే భారతీయ యోగి ఉన్నాడు; ఆ వేషం కట్టింది ఒంటికి రంగు పూసుకున్న చైనా నటుడు. మనల్ని వాళ్లు ఎలా ఊహించుకున్నారన్న ఆ సంగతి మీద వెనుకటికి నేనొక వ్యాసం రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు యోగి భాగమంతా కొట్టేసి, పాఠకులకు బ్రూస్‌లీ కండలు చాలునన్నాడు. అచ్చయిన కాగితం చూసుకుని రాత్రంతా నిద్రపోలేదు. ఇప్పటి సంపాదకులు కండలకు బదులు ‘పది గొప్ప పాత్రలు’ అడుగుతున్నారు. నీ వ్యాసంలోని జాబితా వాళ్ల కోసం చేసిందేనని నా అనుమానం.

పుస్తకం ఎప్పుడు వేయించాలని అడిగావు. ఆ మాట తర్వాత. ముందు, బ్రూస్‌లీ 1972లో తానే దర్శకత్వం వహిస్తూ ‘గేమ్ ఆఫ్ డెత్’ చిత్రం కోసం తీసిన పోరాటాలు చూడు. ఫిలిప్పీన్ మూలాలున్న డాన్ ఇనోసాంటో కర్రలతో, కొరియా గురువు జి హాన్‌జే హాప్‌కిడో అనే కొరియా యుద్ధవిద్యతో, ఏడడుగులు దాటిన బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్ తన పొడవాటి కాళ్లతో అతడిని ఎదుర్కొంటారు. ముగ్గురూ ఓడిపోతారు, కానీ ఎవరి విద్య వారిదిగా, కావలసినంత సేపు కనిపిస్తుంది. శబ్దం తీసేసి చూసి, ఒక్క జబ్బార్ పోరాటం మీదనే నాలుగు పేజీలు రాసి పంపు.

శుభాభిలాషి