ఉరుములకు భయపడే నాలుగేళ్ల పాపకు ధైర్యం ఎలా అలవాటు చేయాలి?

మీ నాలుగేళ్ల పాప ఉరుము వినగానే చెవులు మూసుకొని మంచం కిందికి దూరుతోందనీ, ఆ రాత్రి ఇక అన్నం ముట్టదనీ రాశారు. ఒడిలో దాచుకోవాలా, ధైర్యం రావడానికి బాల్కనీలోకి తీసుకువెళ్లాలా అని అడిగారు. బెంగళూరులోనే మారతహళ్లిలో మా బాబును పెంచుతున్న రోజుల్లో మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. బలవంతంగా బాల్కనీలో నిలబెడితే ఉరుము మీద భయం తగ్గదు సరికదా, మన మీద నమ్మకం సడలుతుంది. ప్రతిసారీ దాచేస్తూ పోతే, దాక్కోబట్టే తనకేమీ కాలేదన్న నమ్మకం బిడ్డలో గట్టిపడుతుంది. అందుకే ఈ రెండూ కాక, బిడ్డ తట్టుకోగలిగినంత మేరకే, తన ఇష్టంతోనే, మనం పక్కన ఉండి ఆ శబ్దాన్ని కొద్దికొద్దిగా పరిచయం చేసే పద్ధతిని మేము ఎంచుకున్నాము.

ఇది కొత్త పద్ధతి కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే వణికిపోయే మూడేళ్లలోపు పిల్లవాడు పీటర్ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. పిల్లవాడు తనకిష్టమైన తినుబండారం తింటుండగా పంజరంలోని కుందేలును దూరంగా ఉంచి, అతను కలవరపడని మేరకే దగ్గరకు జరుపుతూ వచ్చారు. కుందేలుకు భయపడని పిల్లలను కూడా అతనితో ఆడనిచ్చారు. చివరకు పీటర్ ఆ కుందేలును తాకి, నిమిరే దాకా వచ్చాడు.

మా బాబు విషయంలో కుందేలు స్థానంలో ఫోన్‌లోని ఉరుముల శబ్దం ఉంది. ఎండగా ఉన్న రోజున, వాడు బొమ్మలతో ఆడుకుంటున్నప్పుడు, వినీ వినబడనంత చిన్నగా పెట్టేవాళ్లం. శబ్దం పెంచే అధికారమూ, ఆపే అధికారమూ వాడివే. వాడు ఆపమంటే ఆ క్షణమే ఆపేవాళ్లం, ‘ఇంకొంచెం’ అని బతిమాలేవాళ్లం కాదు. ఈ మాట మీద నిలబడడం చాలా ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆపగలనని తెలిసిన బిడ్డే మరో మెట్టు ఎక్కడానికి సిద్ధపడుతుంది. పాప వెనక్కి తగ్గే రోజులు కూడా వస్తాయి. ఆ రోజు శబ్దం తగ్గించి, పాత మెట్టు మీదనే ఉండండి.

అసలు ఉరుములు వచ్చినప్పుడు మాకు అక్కరకు వచ్చింది మా అత్తయ్యగారు నేర్పిన ‘అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి’ అనే పది పేర్ల జపం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు దీన్ని చదివే ఉంటారు. భయపడిన బిడ్డ నోటికీ మనసుకూ అది ఒక పని కల్పిస్తుంది, నెమ్మదిగా పలికితే ఊపిరి కూడా కుదుటపడుతుంది. మెరుపు కనబడగానే పేర్లు మొదలుపెట్టి, ఉరుము వినబడేసరికి ఏ పేరు దగ్గర ఉన్నామో చూడమనేవాళ్లం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, మెరుపుకూ ఉరుముకూ మధ్య దాదాపు 3 సెకన్లు గడిస్తే ఆ మెరుపు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్లు. నాలుగేళ్ల పాపకు ఈ లెక్క అక్కరలేదు, ఎక్కువ పేర్లు పలికితే ఉరుము దూరంగా ఉన్నట్లని చెప్పితే చాలు. కౌరవసేనను చూసి పారిపోబోయిన ఉత్తరకుమారుడికి అర్జునుడు తన పది పేర్లూ చెప్పిన కథ కూడా చెప్పండి. రాజకుమారుడికే భయం వేసిందని విన్నప్పుడు పిల్లలకు తమ భయం సిగ్గుపడవలసినదిగా తోచదు.

అయితే ‘ఏమీ కాదు’ అని అబద్ధం చెప్పకండి. ఉరుము శబ్దం మాత్రమేననీ, పిడుగు ప్రమాదకరమైనదనీ, అందుకే ఉరుములు వినబడినప్పుడు చెట్ల కింద నిలబడకుండా ఇంట్లోకి వస్తామనీ చెప్పండి. మనం ఏం చేస్తామో ముందే తెలిస్తే పాపకు నిలకడ వస్తుంది.

అన్నం తినకపోతే బూచాడు వస్తాడని మీ ఇంట్లో ఎవరైనా అంటున్నారేమో గమనించండి. మూడు నాలుగేళ్ల వయసులో ఊహాశక్తి వేగంగా పెరుగుతుంది, ఊహకూ నిజానికీ మధ్య గీత మాత్రం ఇంకా స్పష్టంగా ఉండదు. పగలు అన్న మాటే రాత్రి కరెంటు పోయినప్పుడు చీకట్లో రూపం కట్టుకుంటుంది. పెద్దవాళ్లకు ఈ సంగతి పాప లేనప్పుడు, గౌరవంగా, కారణంతో సహా చెప్పండి. చీకటి కోసం పాప చేతికి అందే చోట ఒక చిన్న టార్చి ఉంచితే చాలు.

వారాలు గడిచినా భయం తగ్గక, నిద్రకూ తిండికీ బడికీ అడ్డుపడుతుంటే పిల్లల వైద్యుడికి చూపించండి. మన ఊళ్లోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరు ద్వారా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో ఉరుముల వానలు ఎక్కువ కనుక, ఫోన్ శబ్దంతో చేసే సాధన అంతకు ముందే, పొడి రోజుల్లోనే మొదలుపెట్టండి. బడిలో టీచరుకు కూడా ఆ పది పేర్ల సంగతి చెప్పి ఉంచితే, మీరు దగ్గర లేనప్పుడు ఉరుము వచ్చినా ఆమె పాపతో కలిసి పలకగలుగుతారు.