పాత డీజిల్ కారు: ఫిర్యాదులు చదివి వెనకాడాలా?

శ్రీకాకుళంలో చూసిన 2020 నాటి బీఎస్‌6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కారు నచ్చినా, అదే మోడల్ కొన్నవాళ్ల ఇంజిన్ ఫిర్యాదులు చదివి బెదిరిపోయానని రాశారు. బండి బాగున్నవాళ్లు పనిగట్టుకుని రాయరండీ. ఎన్ని ఫిర్యాదులున్నాయని లెక్కపెట్టకండి. ఒకే లోపం దాదాపు అన్నే కిలోమీటర్ల దగ్గర పదిమందికీ వచ్చిందా అన్నదే చూడండి.

మీరు చెప్పిన డీపీఎఫ్ హెచ్చరిక దీపం సంగతి వేరు. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. బజారుకూ బడికీ మాత్రమే తిరిగిన బండిలో పూడుకుపోతుంది. కాబట్టి రోజూ ఎక్కడికి తిప్పేవారో యజమానిని అడగండి. తరచూ హైవే మీద విజయనగరం వెళ్లివచ్చిన బండయితే నాకు అంత బెంగ ఉండదు.

తెల్లవారే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలిందా, మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియదు. మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిడ్డు ఉండి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా తగ్గి ఉంటే ఆ బండి జోలికి పోవద్దు. నలుగురూ ఫిర్యాదు చేసిన భాగాన్ని ఈయన ఇప్పటికే మార్పించి ఉంటే మీకే మంచిది, బిల్లు చూపించమనండి. లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.