యూదుల పండుగలో వేసే 'సుక్కా' పందిరి కింద నిలబడితే ఆకాశం ఎందుకు కనిపిస్తుంది?

ఆకాశం కనిపించేలా కావాలనే అలా వేస్తారు. తెలుగు బైబిల్ 'పర్ణశాలల పండుగ' అని పిలిచే సుక్కోత్ కోసం వేసే తాత్కాలిక పందిరే సుక్కా. ఈజిప్టు నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులను దేవుడు పర్ణశాలల్లో నివసింపజేశాడని లేవీయకాండం 23వ అధ్యాయం చెబుతుంది. ఆ జ్ఞాపకంగా ఏడు రోజులు, సాధారణంగా సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో, అందులో భోంచేస్తారు. కొందరు రాత్రి నిద్ర కూడా అక్కడే.

గోడలు చెక్కతో కట్టినా, గుడ్డతో కట్టినా ఫర్వాలేదు, గాలికి ఊగిపోకుండా నిలిస్తే చాలు. అసలు పట్టింపంతా పైకప్పు మీదే. అది నేలలో మొలిచి, కోసి తెచ్చినదై ఉండాలి: ఖర్జూర మట్టలు, వెదురు, కొమ్మలు. చెట్టుకు ఇంకా అంటుకుని ఉన్న కొమ్మ పనికిరాదు. రేకు, ప్లాస్టిక్ అసలే కుదరవు. లోపల ఎండ కంటే నీడ ఎక్కువుండాలి, అయినా సందుల్లోంచి నక్షత్రాలు కనిపిస్తే మంచిది. పైన మరో కప్పు ఉండకూడదు కాబట్టి జెరూసలేంలో కొన్ని అపార్ట్‌మెంట్లకు బాల్కనీలు ఒకదాని కింద ఒకటి రాకుండా పక్కకు జరిపి కట్టారు. ఒక పండుగ కోసం భవనం రూపమే మారడం నాకెంతో నచ్చింది.

మరి వాన పడితే? గిన్నెలో జావ పాడయ్యేంత కురిస్తే ఇంట్లోకి వెళ్లిపోవచ్చని సుమారు 1,800 ఏళ్ల నాటి యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా అనుమతిస్తుంది.