బాత్‌రూమ్ గ్యాస్ గీజరుకు పొగగొట్టం ఎలా ఉండాలి?

గీజరు బాత్‌రూమ్‌లోనే ఉంది, ఎగ్జాస్ట్ ఫ్యాను సరిపోదా అని అడిగారు. సరిపోదు సరికదా, ఒక్కోసారి అదే ముప్పు తెస్తుంది. మూసిన చిన్న గదిలోంచి ఫ్యాను గాలిని లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ వెనక్కి మళ్లుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది.

నన్నడిగితే గీజరును గాలి ఆడే బాల్కనీలోకి మార్చి, వేడినీటి పైపును మాత్రం లోపలికి తెచ్చుకోండి. అలా కుదరకపోతే పొగగొట్టం ఉన్న మోడలే కొనండి. పొగ తనంతట తానే పైకి లేచే రకమైతే గొట్టం గీజరు మూతి కన్నా సన్నగా ఉండకూడదు. ముందు కొంత నిటారుగా లేవాలి, ఆపై ఎక్కడా కిందికి వాలకూడదు. ప్లంబరు సంచిలో మిగిలిన పీవీసీ ముక్క పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది. గొట్టం చివర ఆరుబయట తేలాలి, అపార్టుమెంటు డక్టులోనో పొరుగింటి కిటికీ పక్కనో కాదు. తలుపు అడుగున గాలి జాలీ తప్పనిసరి.

గీజరు వెలిగించి, గొట్టం మొదట్లో ఉండే ఖాళీ దగ్గర అగరుబత్తి పట్టి చూడండి. అగరుబత్తి పొగ గొట్టంలోకి పోవాలి. మీ ముఖం మీదికి వస్తే వెంటనే ఆపేసి, కంపెనీ మెకానిక్‌ను పిలవండి.