తేట మిశ్రమం పాలలా ఎందుకు మారింది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నీరు, సోడియం డోడెసిల్ సల్ఫేట్, పెంటనాల్, స్టైరీన్ కలిపి మైక్రోఎమల్షన్ (నీటిలో అతి చిన్న నూనె బిందువులు చెదిరి ఉండే తేట మిశ్రమం) తయారుచేశాము. మొదట తేటగా ఉన్న మిశ్రమం, పొటాషియం పర్‌సల్ఫేట్ వేసి 70 డిగ్రీల వద్ద ఉంచాక పాలలా తెల్లబడింది. పెంటనాల్ పెంచితే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: సరిపోదు, బహుశా ఇంకా చెడుతుంది. సర్ఫాక్టెంట్ (నీటికీ నూనెకూ మధ్య చేరే సబ్బు వంటి పదార్థం, మీ మిశ్రమంలో సోడియం డోడెసిల్ సల్ఫేట్) అణువుల రుణావేశ శిరస్సులు ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. పెంటనాల్ వాటి మధ్య చేరి ఆ వికర్షణను తగ్గిస్తుంది, బిందువు చుట్టూ అవి కట్టే పొరను మెత్తబరుస్తుంది, తలతన్యతను బాగా దించుతుంది. అందువల్లనే కొద్ది నానోమీటర్ల బిందువులు వాటంతటవే ఏర్పడతాయి. మిథనాల్, ఇథనాల్ ఎక్కువ భాగం నీటిలోనే ఉండిపోతాయి కనుక ఈ పనికి అంతగా రావు.

అయితే ఈ సమతౌల్యం స్టైరీన్ ఉన్నప్పటిది. పర్‌సల్ఫేట్ నుండి పుట్టిన రాడికల్స్ (స్టైరీన్ అణువులు గొలుసులుగా కలిసే చర్యను మొదలుపెట్టే చురుకైన అణు శకలాలు) కొద్ది బిందువులలోకే ప్రవేశిస్తాయి. మిగిలిన వాటిలోని స్టైరీన్ నీటి గుండా ప్రయాణించి, పెరుగుతున్న కణాలను చేరుతుంది. అందుకే చివరి కణం తొలి బిందువుకంటే పెద్దదై, సాధారణంగా 20 నుండి 50 నానోమీటర్లు ఉంటుంది. ఒక్కో కణంలో కొద్ది గొలుసులే ఉండటం వల్ల అణుభారం 10 లక్షలు దాటడం మామూలే. ఖాళీ అయిన సర్ఫాక్టెంట్ మిసెల్లులుగా, అంటే దాని అణువుల చిన్న గుంపులుగా, మిగిలి, చర్య చివరిదాకా కొత్త కణాలకు చోటిస్తుంది. ఈ గొలుసులే అయిన పాలీస్టైరీన్ మాత్రం పెంటనాల్‌లో కరగదు. స్టైరీన్ తరిగేకొద్దీ ఆ ఆల్కహాల్ కణాల నుండి నీటిలోకి, మిసెల్లులలోకి తరలిపోవలసి వస్తుంది, పొర కూర్పు మారుతుంది, కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పైగా బిందువులో ఆల్కహాల్ మోనోమర్ అయిన స్టైరీన్‌ను పలుచబరచి చర్యావేగాన్నీ తగ్గిస్తుంది.

కాస్త నీలి ఛాయ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, కణాలు పెరిగినప్పుడు అది సహజం. చిక్కటి తెలుపే అనుమానించదగినది. ముందుగా స్టైరీన్ పాళ్లు తగ్గించి చూడండి. స్వేదనజలమే వాడుతున్నారని అనుకుంటున్నాను, ఎందుకంటే మన జిల్లా బోరు నీటిలోని కాల్షియం డోడెసిల్ సల్ఫేట్‌ను అవక్షేపంగా దించేస్తుంది. ఆల్కహాల్‌నే వదులుకోవాలనుకుంటే ధనావేశం గల డోడెసిల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్‌ను పరీక్షించండి: అది ఆల్కహాల్ లేకుండానే స్టైరీన్ మైక్రోఎమల్షన్‌ను ఇస్తుంది. దానితో పర్‌సల్ఫేట్‌కు బదులు ధనావేశ అజో ప్రారంభకం (రాడికల్స్ పుట్టించే మరో రకం పదార్థం) వాడటం మేలు. సర్ఫాక్టెంట్‌ను ఇంకా పెంచమని నేను చెప్పను. ఈ పద్ధతిలో అది ఇప్పటికే మోనోమర్‌తో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో పడుతోంది, పరిశ్రమలు దీనికి వెనుకాడటానికి ఆ ఖర్చు, చివరలో దానిని తొలగించే శ్రమ ముఖ్య కారణాలు.