కాలర్ కట్టిన కౌజు పిట్టలు చనిపోతున్నాయా? ముందు ఇవి చూడండి

రేడియో కాలర్ కట్టి వదిలిన కౌజు పిట్టల్లో సగం వారంలోపే చనిపోయాయని, అది వేట వల్లేనా అని అడిగారు కదండీ. నాకైతే ముందు కాలర్ మీదే అనుమానం. 200 గ్రాముల పిట్టకు కాలర్ బరువు 6 గ్రాములు, అంటే పిట్ట బరువులో 3 శాతం, దాటకపోతే మంచిది. పట్టుకున్నప్పటి టెన్షన్ కూడా ప్రాణం తీస్తుంది. అందుకే మొదటి 7 రోజుల్లో పోయినవాటిని చాలామంది లెక్కలోంచి తీసేస్తారు. మీరూ తీసేసి కాప్లాన్-మేయర్ పద్ధతిలో, అంటే రోజులు గడిచేకొద్దీ ఎంత శాతం బతికున్నాయో అంచనా కట్టే పద్ధతిలో, మళ్లీ లెక్కేయండి. సిగ్నల్ ఆగినవాటిని మాత్రం చనిపోయినట్టు రాసేయకండి, చివరిగా దొరికిన రోజు వరకు బతికున్నట్టే తీసుకోండి. వేటగాళ్లు పట్టుకెళ్లినా సిగ్నల్ పోతుంది, కాబట్టి కాలర్ మీద ఫోన్ నంబర్ వేయించండి. ఇక దొరికిన ఈకల్ని దగ్గరగా చూడండి: కాడలు కొరికి విరిగి ఉంటే నక్కలాంటి జంతువు, కాడతో సహా పీకి కుప్పగా పడి ఉంటే డేగ పని కావచ్చు. ఆలస్యమైతే ఈ ఆనవాళ్లు చెదిరిపోతాయి, మరణ సిగ్నల్ (పిట్ట చాలాసేపు కదలకపోతే కాలర్ పంపే సిగ్నల్) రాగానే వెళ్లండి.