పాచి పారేయకు, బిడ్డా

హనుమకొండ

బిడ్డా లావణ్యా,

భద్రకాళి చెరువు నీళ్లలో పాచి విషం కొలిచే ప్రాజెక్టు తీసుకున్నావని మీ బాపు ఫోన్లో చెప్పాడు. హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) అంటే టెన్షన్ పడుతున్నావట. ఈ పని చెడేది మెషీన్ దగ్గర కాదు, అంతకుముందే.

నీళ్లు గాజు సీసాలో పట్టు. నువ్వు కొలిచే ఆ విషం, మైక్రోసిస్టిన్, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. గాలి ఎటు తోస్తే తెట్టు అటు చేరుతుంది, కాబట్టి నాలుగైదు చోట్ల ముంచు. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చు.

అసలు సంగతి ఇది. ఆ విషం తయారుచేసే పాచి, మైక్రోసిస్టిస్, బతికున్నంతకాలం విషం చాలావరకు కణం లోపలే ఉంటుంది. నేను మొదటిసారి నీళ్లు వడగట్టి, ఆ నీళ్లనే ఇంజెక్ట్ చేసి, ఏమీ లేదని రాసేశా. మా సార్ రిపోర్టు చూసి "ఫిల్టర్ ఏదిరా?" అన్నారు. చెత్తబుట్టలో ఉంది, పాచి కణాలన్నీ దానిమీదే! నువ్వు ఆ ఫిల్టర్‌ను పారేయకుండా మూడుసార్లు గడ్డకట్టించి కరిగించు, తర్వాత 75 శాతం మెథనాల్‌తో విషాన్ని లాగు. (పాచి చావాలని చెరువులో మైలుతుత్తం చల్లితే ఇందుకే ప్రమాదం. కణాలు పగిలి విషమంతా నీళ్లలో కలుస్తుంది, మరిగించినా పోదు.)

తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రామ్, అదీ కణాల్లోదీ నీళ్లలోదీ కలిపి. అంత కొంచెం నేరుగా కనబడదు. వడగట్టిన అర లీటరు నీళ్లను ఎస్‌పీఈ కార్ట్రిడ్జ్ (విషాన్ని పట్టి ఉంచే చిన్న గొట్టం) మీదుగా పంపి, పట్టుకున్నదాన్ని 1 మిల్లీలీటరుకు తెస్తే 500 రెట్లు చిక్కనవుతుంది.

ఇక మెషీన్ సంగతి: సీ18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), అందులో పారించడానికి నీళ్లు, ఎసిటోనైట్రైల్, రెండింటిలో 0.05 శాతం టీఎఫ్ఏ అనే ఆమ్లం, డిటెక్టర్ 238 నానోమీటర్లు. ఇవన్నీ మీ ల్యాబులో ఎవరైనా చూపిస్తారు. స్టాండర్డ్ (పోల్చి చూసుకోవడానికి కొనే శుద్ధమైన విషం) పొడి మాత్రం తూచడానికి తీయకు. వచ్చిన సీసాలోనే మెథనాల్ పోసి కరిగించు, గ్లవ్స్ మరవకు. కాలేయాన్ని దెబ్బతీసే సరుకది.

మెషీన్ గీసే గీతలో (క్రొమటోగ్రామ్) విషం రావాల్సిన టైముకు పీక్ వచ్చింది కదా అని సంబరపడకు. బతుకమ్మ తర్వాత వెళ్తే రంగులద్దిన గునుగు పూలు కుళ్లి ఆ నీళ్లలో ఏమేమి కలిసి ఉంటాయో! డయోడ్ అర్రే డిటెక్టర్లో ఆ పీక్ స్పెక్ట్రమ్ (ఏ కాంతిని ఎంత పీల్చిందో చూపే గీత) తెరిచి, 238 దగ్గర గూని ఉందో లేదో చూడు. అనుమానముంటే శాంపిల్లో కాస్త స్టాండర్డ్ కలిపి మళ్లీ నడుపు. అదే పీక్ నున్నగా పెరిగితే సరే, పక్కన భుజం లేస్తే అది వేరే పదార్థం.

మొదటి క్రొమటోగ్రామ్ ఎంత వంకరగా ఉన్నా నాకు వాట్సాప్ చెయ్యి. ఫిల్టర్లు ఫ్రీజర్లోనే ఉంచు.

నీ పెద్దబాపు